బండి సందేహాలు: మీటరు తిరగదు, ఇంజన్ తిరుగుతుంది

ఏప్రిల్ దాటిందంటే మన కర్నూలు, అనంతపురం, కడప వైపు కార్లు నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. బయట 43 డిగ్రీల ఎండ, ఉన్న ఒక్క వేపచెట్టు నీడనూ మనకంటే ముందొచ్చినవాడు ఆక్రమించేసి ఉంటాడు, ఇంక ఏం చేస్తాం, అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకుని ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటాం. నేనూ కూర్చున్నవాడినే, కాదనను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తిప్పి తిప్పి దీని గురించే అడిగాయి కాబట్టి ఈసారికి అన్నీ అవే వేస్తున్నాను. టైర్ల గురించి, ఇన్సూరెన్సు గురించి రాసినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి, తప్పదు.

ప్రశ్న: మాది చిన్న పెట్రోల్ కారు, కొత్తది కొని నాలుగేళ్ళయింది. మీటరు మీద 22 వేల కిలోమీటర్లే ఉన్నాయి. ఈమధ్య పికప్ తగ్గింది, నిలబెట్టినప్పుడు ఇంజన్ వణుకుతోంది. మెకానిక్ ఆయిల్ మూత తీసి చూపించి, "సార్, ఇది లక్ష తిరిగిన బండి మాదిరి ఉంది" అన్నాడు, పైగా మీటరు నేనే వెనక్కి తిప్పించానేమో అన్నట్టు చూశాడు. నేను తప్ప ఈ బండి ఎవరూ నడపలేదు. పొద్దున స్టార్ట్ చేసి పావుగంట వేడెక్కనిస్తాను, సాయంత్రం అమ్మాయి కోచింగ్ అయ్యేదాకా బయట ఏసీ వేసుకుని గంటసేపు కూర్చుంటాను. అంతకుమించి దానికి పెట్టిన కష్టం ఏమీ లేదు. మెకానిక్ నన్ను మోసం చేస్తున్నాడా?
బ్యాంకు ఉద్యోగి, అనంతపురం

జవాబు: ఆయన చెప్పింది నిజం సార్, మీరు చెప్పిందీ నిజమే. మిమ్మల్ని మోసం చేస్తున్నది మీ మీటరు.

మీ చుట్టుపక్కల ట్రాక్టరున్న రైతు ఎవరినైనా "బండి ఎంత తిరిగింది" అని అడిగి చూడండి, కిలోమీటర్లు చెప్పడు, "రెండు వేల గంటలు" అంటాడు. జేసీబీ ఆపరేటరూ అంతే. పొలం దున్నినా, కళ్ళంలో ఒకేచోట నిలబడి నూర్పిడి మిషను తిప్పినా ఇంజన్ తిరిగినట్టే కదా, అందుకే వాటికి గంటల మీటరు పెట్టారు. కార్లకు మాత్రం చక్రం తిరిగితేనే అంకె మారే మీటరు పెట్టారు, మనం దాన్నే నమ్ముకుని సర్వీసింగు లెక్కలన్నీ వేసుకుంటున్నాం.

మీ లెక్క నేను వేస్తాను. పొద్దున పావుగంట, సాయంత్రం గంట. ఏడాదికి 300 రోజులు అనుకుంటే 375 గంటలు, నాలుగేళ్ళకు 1,500 గంటలు. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ పోలీసు బండ్ల కోసం చెప్పే లెక్క ఒకటుంది, గంటసేపు నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచితే 33 మైళ్ళు నడిపినంత అరుగుదల అని. మన లెక్కలో దాదాపు 53 కిలోమీటర్లు. 1,500 గంటలను 53తో గుణించండి, 79,500 వస్తుంది. దానికి మీ 22 వేలు కలపండి. మీ మెకానిక్ ఏ కాలిక్యులేటరూ లేకుండా ఆయిల్ మూత చూసి లక్ష అన్నాడు! పోలీసు బండికి వేసిన లెక్క మీ చిన్న కారుకు అచ్చంగా అతకకపోవచ్చు, సగమే తీసుకుందాం అనుకున్నా ఇంకో నలభై వేలు కలపాల్సిందే.

డబ్బు లెక్క కూడా చెప్పేస్తాను, బాధపడకండి. మీలాంటి చిన్న ఇంజన్ ఏసీ లేకుండా నిలబడితే గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగుతుంది, ఏసీ వేస్తే లీటరు దాకా పోతుంది. ఏడాదికి తక్కువలో తక్కువ 300 లీటర్లు అనుకున్నా, లీటరు 110 రూపాయల చొప్పున 33 వేలు. ఒక్క కిలోమీటరు కూడా పోకుండా.

ఇక లోపల ఏం జరుగుతుందంటే. ఐడ్లింగ్‌లో అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, అది నిమిషానికి 700 నుంచి 900 చుట్లు తిరుగుతుంది. మంట చిన్నది, సిలిండర్లో ఒత్తిడి తక్కువ. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు గట్టిగా ఆనుకోవాలంటే వాటి వెనక నుంచి ఆ మంట ఒత్తిడే తోయాలి, అది చాలకపోతే రింగు కొద్దిగా వదులుగా కూర్చుంటుంది, మండకుండా మిగిలిన పెట్రోలు గోడ వెంబడి జారి కిందున్న ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ముఖ్యంగా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఎందుకంటే అప్పుడు బండిలోని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ కొడుతుంది. మీ పొద్దుటి పావుగంట ఆ టైములోనే పోతోంది. స్పార్క్ ప్లగ్ కొన మీద పేరుకునే మసిని అది తనంతట తానే కాల్చుకోవాలి, దానికి సుమారు 450 డిగ్రీల వేడి కావాలి, నిలబడ్డ బండిలో ఆ వేడి అందడం కష్టం. ఆయిల్ పంపు కూడా ఇంజన్ చుట్లను బట్టే తోస్తుంది కాబట్టి ఆయిల్ ప్రెషర్ అన్నిటికంటే తక్కువ ఉండేది ఐడ్లింగ్‌లోనే. అంటే ఆయిల్ పలచబడేదీ అప్పుడే, సన్నగా అందేదీ అప్పుడే.

అట్లని రేపే ఇంజన్ పట్టేస్తుందని భయపడొద్దు. ఇప్పటి ఇంజన్లు గట్టివి, ఇది చక్కెర జబ్బు మాదిరి, నిదానంగా పని చేసుకుంటూ పోతుంది.

ఒక పని చేయండి. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి ఆయిల్ గేజి లాగండి. కొన మీదున్న ఆయిల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది వేళ్ళు విడదీయండి. రంగు నల్లగా ఉంటే పరవాలేదు, ఆయిల్ పని అదే, మసిని తనలోకి తీసుకోవడం. కానీ వేళ్ళ మధ్య సన్నటి తీగలాగా సాగాలి. నీళ్ళలాగా విడిపోయి, ముక్కు దగ్గర పెడితే బంకులో నిలబడ్డ వాసన వచ్చిందంటే అందులో పెట్రోలు కలిసినట్టే. తర్వాత ఆయిల్ పోసే మూత తిప్పి దాని లోపలి వైపు చూడండి. మీ మెకానిక్ చూసింది అక్కడే. పాలు కలిపిన కాఫీ రంగులో మీగడ కట్టి ఉంటే లోపల నీటి ఆవిరి బయటికి పోలేదని, నల్లగా గోరుతో గీరితే వచ్చే జిగురు ఉంటే ఆయిల్ ఎప్పుడో చచ్చిపోయిందని.

పొద్దున పావుగంట అలవాటు మీకు ఎవరు నేర్పించి ఉంటారో నాకు తెలుసు, పాత అంబాసిడర్ నడిపిన పెద్దమనిషి. నేను కర్నూలు బళ్ళారి చౌరస్తా దగ్గర షెడ్డులో పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రీ కూడా చోక్ లాగి, బండిని గుర్రుమనిపించి, ఒక బీడీ పూర్తయ్యేదాకా కదలనిచ్చేవాడు కాదు. అప్పుడు అది న్యాయమే, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్ ఉన్న బండి చలిలో వెంటనే కదిలిస్తే దగ్గి ఆగిపోయేది. 1983లో వచ్చిన మారుతి 800 కూడా మొదట కార్బొరేటర్ బండే. ఇప్పుడు మీ కారులో ఇంజెక్టర్లు ఉన్నాయి, ఎంత పెట్రోలు కావాలో సెన్సర్లు చూసుకుంటాయి. అనంతపురంలో డిసెంబర్ తెల్లవారుజామున కూడా చలి అంటే పదిహేను డిగ్రీలు, దానికి పావుగంట ఎందుకు? స్టార్ట్ చేసి సీటు బెల్టు పెట్టుకునేసరికి అరనిమిషం అవుతుంది, అది చాలు, కదిలించి మొదటి రెండు మూడు కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా పోండి. నడుస్తున్న ఇంజనే తొందరగా వేడెక్కుతుంది.

చేయాల్సిన రిపేరు పెద్దది కాకపోవచ్చు. వణుకుకు మొదట ఇంజన్లోకి గాలి పోయే థ్రాటిల్ బాడీ విప్పి మసి కడిగించండి, ప్లగ్గులు చూపించండి, ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ఇకమీదట "పదివేల కిలోమీటర్లకు" అన్న మాట మర్చిపోండి, మీ వాడకానికి ఆరు నెలలకు ఒకసారి ఆయిల్ మార్చాలి. మీ బండితో వచ్చిన పుస్తకం తెరిచి చూడండి, కఠిన పరిస్థితుల్లో వాడకం అని ఒక పట్టిక ఉంటుంది, దుమ్ము రోడ్లు, కొండ దారులతో పాటు ఎక్కువసేపు ఐడ్లింగ్ కూడా అందులో రాసి ఉంటుంది. మనం ఆ పేజీ దాకా పోము. వారానికో, పది రోజులకో ఒకసారి 44వ నంబరు హైవే ఎక్కి గుత్తి వైపో పెనుకొండ వైపో అరగంట తోలి రండి, లోపలి తేమ, పెట్రోలు ఆవిరి అయ్యి పోతాయి. సాయంత్రం గంటసేపు ఎక్కడ కూర్చోవాలి అంటారా, కోచింగ్ సెంటర్ పక్కన టీ కొట్టు లేకుండా ఉండదు, నలభై రూపాయలకు రెండు టీలూ ఒక పేపరూ వస్తాయి.

ప్రశ్న: 2021 డీజిల్ బండి. ఆయిల్ తగ్గితే భయపడాలని విన్నాను, నా బండిలో ఎవరో పోసినట్టు పెరుగుతోంది, గేజి మీద పై గీత దాటింది. పోయిన నెల నుంచి డ్యాష్‌బోర్డు మీద చుక్కలున్న పెట్టె బొమ్మ ఒకటి వెలుగుతోంది. బండి ఊళ్ళోనే తిరుగుతుంది, బడి, మార్కెట్, ఆఫీసు. మధ్యాహ్నం డ్రైవర్ ఏసీ వేసుకుని లోపలే ఉంటాడు.
వ్యాపారి, సి.క్యాంపు, కర్నూలు

జవాబు: అన్నా, తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి వాన పడితే చేలల్లో వజ్రాలు దొరుకుతాయి గానీ ఇంజన్లో ఆయిల్ ఊరదు. పెరిగింది డీజిల్.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 అనే పొగ కాలుష్యం రూలు వచ్చింది కదా, అప్పటి నుంచి డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ పెట్టారు. పొగలోని మసిని పట్టుకుని దాచుకుంటుంది. నిండాక దాన్ని కాల్చి బూడిద చేసుకోవాలి, అందుకు పొగ 600 డిగ్రీల దగ్గరికి వేడెక్కాలి. హైవే మీద పోతున్నప్పుడు ఆ పని సులువుగా అయిపోతుంది. రాజ్‌విహార్ సెంటర్ ట్రాఫిక్‌లో పాకే బండికి, చెట్టు కింద ఏసీ వేసుకుని నిలబడ్డ బండికి పొగలో ఆ వేడి ఎక్కడిది? అప్పుడు కంప్యూటర్ ఏం చేస్తుందంటే, వేడి పెంచుదామని మామూలుగా కొట్టేదానికంటే ఇంకొంచెం డీజిల్ ఆలస్యంగా కొడుతుంది. ఆ పని సగంలో ఉండగా మీరు బడి గేటు దగ్గర ఆపేస్తారు. మళ్ళీ మధ్యాహ్నం మొదలుపెడుతుంది, మళ్ళీ ఆగిపోతుంది. ప్రతిసారీ కొంత డీజిల్ గోడల వెంబడి ఆయిల్లోకి జారుతుంది. మీ గేజి మీద పై గీత దాటిందంటే ఈ తంతు చాలాసార్లు జరిగిందని అర్థం.

ఆ చుక్కల పెట్టె బొమ్మ డీపీఎఫ్ నిండిందని చెప్పేది, అది వెలిగిన మొదటి రోజే నంద్యాల రోడ్డు ఎక్కి, 60కి తగ్గకుండా, ఒక గేరు తగ్గించి ఇంజన్ చుట్లు కాస్త ఎక్కువ ఉండేలా ఇరవై నిమిషాలు తోలి ఉంటే ఆరిపోయేది. నెల దాటింది, పైగా ఆయిల్ పెరిగింది కాబట్టి ఇప్పుడు ఆ పని చేయొద్దు. ముందు షెడ్డుకో సర్వీసు సెంటర్‌కో తీసుకెళ్ళి ఆయిల్ మార్పించండి, తర్వాత వాళ్ళ కంప్యూటర్ పెట్టి డీపీఎఫ్ కాల్పించమనండి. పెరిగిన ఆయిల్‌తో హైవే ఎక్కితే డీజిల్ ఇంజన్ తన ఆయిల్‌నే తాను పీల్చుకుని, కీ తీసేసినా ఆగకుండా రంకెలు వేసే ప్రమాదం ఉంది. అలా ఆగకుండా అరిచిన బండిని ఒకసారి దగ్గర నుంచి చూశాను, షెడ్డులో ఉన్న పదిమందిమీ బయటికి పరుగెత్తాం.

ఇంకోమాట, మీ వాడకం ఇదే అయితే మీకు డీజిల్ బండి అమ్మినవాళ్ళు ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది. నెలకు ఎంత దూరం తిరుగుతారని. ఊళ్ళో తిరగడానికి పెట్రోల్ చాలు.

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో ఉంటారు, రెండేళ్ళకోసారి వస్తారు. కారు ఇంట్లోనే ఉంది, నాకు డ్రైవింగ్ రాదు. బ్యాటరీ పాడవకుండా వారానికొకసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు పెట్టమన్నారు. అట్లే చేస్తున్నా. అయినా పోయిన వారం సెల్ఫ్ ఎత్తలేదు. పైగా స్టార్ట్ చేసిన ప్రతిసారీ సైలెన్సర్ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంజన్లోకి నీళ్ళు పోయాయా?
గృహిణి, చిన్నచౌకు, కడప

జవాబు: నీళ్ళు లోపలికి పోలేదమ్మా, లోపలే పుట్టాయి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్ళు ఆవిరిగా వస్తాయి. బండి దూరం పోతే సైలెన్సర్ అంతా కాలిపోయేంత వేడెక్కి ఆ ఆవిరి గాల్లో కలిసిపోతుంది, మనకు కనబడదు. పది నిమిషాలు నిలబెట్టి ఆపేస్తే సైలెన్సర్ గోరువెచ్చగా అవుతుంది అంతే, ఆవిరి అక్కడే నీళ్ళయి నిలబడుతుంది. సాంబారు గిన్నె మీద మూత వెనకాల నీళ్ళు పట్టినట్టు. కొంత బయటికి కారుతుంది, కొంత సైలెన్సర్‌ను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది, కొంత ఇంజన్ ఆయిల్లోనూ చేరుతుంది. కారే నీళ్ళ గురించి భయం వద్దు గానీ, ఆ పది నిమిషాల వల్ల బండికి మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతోంది.

బ్యాటరీ ఎందుకు పోయిందంటే, సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ నుంచి ఒక్కసారిగా చాలా కరెంటు పోతుంది. నిలబడ్డ ఇంజన్లో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ నిదానంగా తిరుగుతుంది, దాని నుంచి వచ్చేది తక్కువ, అందులోనే ఫ్యాను, లైట్లు, టేప్ రికార్డర్ వాటా పోతుంది. వారమంతా అలారం, గడియారం లాంటివి తాగింది వేరే. జీతం వచ్చిన రోజే అప్పులవాళ్ళు వచ్చి నిలబడ్డట్టు, బ్యాటరీకి మిగిలేది ఏముంది?

అన్నో తమ్ముడో, లైసెన్సున్న నమ్మకస్తులు ఎవరైనా ఉంటే పదిహేను రోజులకొకసారి ఒక అరగంట నిజంగా రోడ్డు మీద తిప్పించండి, ఒంటిమిట్ట దాకా పోయి రామయ్యను చూసి వస్తే బండికీ మీకూ మంచిది. తిప్పేవాళ్ళు లేకపోతే అసలు స్టార్ట్ చేయకండి. మెకానిక్‌ని పిలిచి బ్యాటరీ మైనస్ వైరు విప్పించి పెట్టండి, విప్పే ముందు కారు తాళం, స్టీరియో కోడు సంగతి ఆయన్నే అడగండి. టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టించండి. హ్యాండ్ బ్రేక్ నెలల తరబడి లాగి ఉంచితే పట్టేస్తుంది, గేరులో పెట్టి చక్రాలకు రాళ్ళు అడ్డం వేస్తే చాలు. బానెట్ మాత్రం వారానికోసారి ఎత్తి చూడండమ్మా, ఎలుకలు వైర్లు కొరికితే అయ్యే ఖర్చు ముందు బ్యాటరీ ఖర్చు ఒక లెక్క కాదు.

ప్రశ్న: మా ఇంటాయన ట్రావెల్స్ కారు తోలుతాడు. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రంతా కళ్యాణమండపం బయట కారులోనే అద్దాలు మూసి, ఏసీ వేసి పడుకుంటాడు. పొద్దున వచ్చి తలనొప్పి, వాంతికొచ్చినట్టు ఉంది అంటాడు. నిద్ర చాలకే అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది.
అనంతపురం

జవాబు: తల్లీ, మీ టెన్షన్ న్యాయమైనది. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి. మిగతావాళ్ళకు ఇంజన్ సంగతి చెప్పాను, మీకు ఇంజన్ సంగతి అనవసరం.

సైలెన్సర్ నుంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది, ఒకసారి కూర్చుంటే తొందరగా లేవదు. మొదట తలనొప్పి, తర్వాత వికారం, తర్వాత మత్తు. మెలకువగా ఉన్నవాడు బయటికి వస్తాడు, నిద్రలో ఉన్నవాడికి ఆ మత్తు కూడా నిద్రలాగే ఉంటుంది. సైలెన్సర్ పైపుకు ఎక్కడో చిల్లు ఉన్నా, డిక్కీ రబ్బరు చిరిగినా, బండిని గోడకు దగ్గరగా రివర్స్‌లో పెట్టినా, పక్కన జనరేటర్ తిరుగుతున్నా అది లోపలికి వస్తుంది, కళ్యాణమండపం దగ్గర జనరేటర్ లేకుండా ఉంటుందా? అద్దాలు మూసి ఉంటే మన ఊపిరి గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, అదొకటి. రేకుల షెడ్డులో, సెల్లార్‌లో అయితే ఇంజన్ ఆన్‌లో పెట్టి నిమిషం కూడా ఉండకూడదు.

పొద్దున తలనొప్పి ఇలాగే ఉంటే ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, కారులో ఏసీ వేసుకుని పడుకుంటాడని విడిగా చెప్పండి, చెప్పకపోతే డాక్టర్‌కు తట్టకపోవచ్చు. బండిని ర్యాంపు ఎక్కించి సైలెన్సర్ మొత్తం ఇంజన్ దగ్గరుండే మానిఫోల్డ్ నుంచి వెనక దాకా చూపించండి. పడుకోవడానికి ఇంజన్ ఆపి, నాలుగు అద్దాలూ నాలుగు వేళ్ళు దించి, దోమతెర బట్ట తగిలించుకోమనండి. కాదంటే మండపం వాళ్ళనే ఒక చాప అడగమనండి, డ్రైవర్లకు అన్నం పెట్టేవాళ్ళు చోటు పెట్టరా.

ఇంకొకటి, పల్లెల్లో పెళ్ళికి పోయినప్పుడు బండిని ఎండు గడ్డి మీదో వేరుశనగ కట్టె మీదో నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచొద్దు. కింద ఉండే, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కొన్ని వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది, గడ్డి అంటుకోవడానికి అది చాలు.

ప్రశ్న: గువ్వలచెరువు ఘాట్ ఎక్కి పాలకోవా కోసం ఆగిన వెంటనే ఇంజన్ ఆపొద్దు, టర్బో పోతుంది అని మా బావ అంటాడు. మీరేమో ఐడ్లింగ్ వద్దంటారు. ఎవరి మాట వినాలి?
రాయచోటి రోడ్డు, కడప

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ బావ మాట వినండి. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్లోకి గాలిని గట్టిగా తోసే టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ మండిపోతుంటుంది, దాని బేరింగుకు ఆయిలే దిక్కు. టక్కున ఆపితే ఆయిల్ రావడం ఆగిపోతుంది, లోపల మిగిలిన ఆయిల్ ఆ వేడికి మాడి పెంకు కడుతుంది. అందుకని అరనిమిషం, మహా అయితే నిమిషం ఆగి ఆపండి. కోవా తూకం వేయించి, రుచి చూసి, డబ్బులిచ్చేదాకా అక్కర్లేదు, అది పది నిమిషాలు అవుతుంది, నాకు తెలుసు. మామూలుగా ఊళ్ళో నిదానంగా వచ్చిన బండికి ఆ అరనిమిషం కూడా అవసరం లేదు.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుందంటారు, సెల్ఫ్ మోటార్ కూడా పోతుందంటారు. నిజమేనా? బైకుకూ ఇదే వర్తిస్తుందా?
డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: పెట్రోలు మాట పాతకాలం మాట. అమెరికాలో ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీ కొలిచి చూసింది, పది సెకన్లకు మించి ఆగాల్సి వస్తే ఆపి స్టార్ట్ చేయడమే ఆదా. ఢిల్లీలో 2020 అక్టోబర్‌లో రెడ్ లైట్ పడితే బండి ఆపండని ప్రభుత్వమే ప్రచారం పెట్టింది. సెల్ఫ్ మోటార్ సంగతి కొంత నిజం, ప్రతి ఐదు సెకన్లకూ ఆపి తీస్తే అరుగుతుంది. సిగ్నల్ దగ్గర తమంతట తామే ఆగి లేచే కార్లకు అందుకే గట్టి బ్యాటరీ, గట్టి సెల్ఫ్ వేస్తారు. మీది మామూలు బండి అయితే, అంకెలు కనబడే సిగ్నల్లో ముప్పై పైన ఉంటే ఆపండి, రైల్వే గేటు పడితే మారు ఆలోచన లేకుండా ఆపండి. బైకుకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది తమ్ముడూ. చాలా బైకులకు రేడియేటరూ లేదు, ఫ్యానూ లేదు, ఎదురుగాలే దాని ప్రాణం. మే నెల మధ్యాహ్నం నిలబెట్టి ఉంచితే గాలి ఎక్కడ నుంచి వస్తుంది?

ప్రశ్న: ఏసీ వేసి నిలబెడితే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, కదిలిస్తే దిగుతోంది. కూలెంట్ పోస్తూనే ఉన్నాను.
రిటైర్డ్ టీచర్, కడప

జవాబు: మాష్టారూ, కదిలితే దిగుతోందంటే ఎదురుగాలి తగిలినప్పుడు రేడియేటర్ పనిచేస్తోందని, నిలబడ్డప్పుడు ఆ గాలి ఇవ్వాల్సిన ఫ్యాను తిరగడం లేదని మొదటి అనుమానం. ఏసీ వేసి, బానెట్ ఎత్తి, దూరంగా నిలబడి చూడండి. ఫ్యాను తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఆ వరసలో చూపించండి. తిరుగుతూనే ఉంటే రేడియేటర్ ముందు పురుగులు, దుమ్ము పేరుకున్నాయేమో, మెల్లగా నీళ్ళు కొట్టించండి. కూలెంట్ పోస్తూనే ఉన్నాను అన్నారే, అది నాకు నచ్చలేదు. అది తగ్గకూడదు. ఎక్కడో కారుతోంది, లేదా ఇంజన్ పై భాగం కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ అనే అడ్డు దెబ్బతిని దాని గుండా పోతోంది, చూపించేదాకా ఏసీ వేసుకుని నిలబెట్టొద్దు.

పోసేటప్పుడు మాత్రం ఇంజన్ ఆపి గంటసేపు ఆగి, రేడియేటర్ మూత పైన తడిగుడ్డ మడిచి వేసి, మూత పావు చుట్టు తిప్పి ఆవిరి పోనిచ్చి అప్పుడు తీయండి. నా కుడి ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉంది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, మేస్త్రీ భోజనానికి పోయాడు, కస్టమర్ తొందరపెట్టాడు.